ఇవి ఎవరి బొమ్మలు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఈ బడిలో చదివిన రోజుల్లో కొత్తకోట మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. 2016లో వనపర్తి జిల్లా అయింది. జిల్లా పేరు మారినా ఈ ఆవరణలోకి వస్తే నాకు ఇప్పటికీ డ్రాయింగ్ సారు గొంతే వినిపిస్తుంది. "రబ్బరు జేబులో పెట్టు. తప్పు గీత పక్కనే సరైన గీత గియ్యి" అనేవారు. ఆ మాట విలువ తెలియడానికి నాకు పదేళ్లు పట్టింది. ఆ సంగతే ఈ రోజు చెబుతాను.

మా ఇంట్లో గుంత మగ్గం ఉండేది. నాన్న గద్వాల చీరలు నేసేవాడు. బడి నుంచి రాగానే రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం నా పని. ఆ పని తప్పించుకోవడానికే నోటు పుస్తకం వెనక పేజీల్లో బొమ్మలు వేసేవాణ్ని. ఇంటర్ తరువాత యానిమేషన్ చదువుతానంటే నాన్నకు అర్థం కాలేదు. టీవీలో ఛోటా భీమ్ చూపించి, "ఇది మన హైదరాబాద్‌లోనే తయారైతది" అన్నాను. అప్పుడు ఒప్పుకున్నాడు.

కళాశాలలో చేరిన మొదటి ఏడాది మా అందరికీ జపాన్ కార్టూన్ల పిచ్చి. పెద్ద కళ్లు, కత్తుల్లాంటి జుట్టు, చిన్న ముక్కు. రాత్రంతా వాటిని చూసి గీసేవాళ్లం. చెయ్యి బాగానే తిరిగింది. రెండో ఏడాది ఒక రోజు మా సారు అందరి బొమ్మలూ పేర్లు కనపడకుండా గోడకు అతికించి, "ఎవరివి వాళ్లు తీసుకోండి" అన్నారు. నేను నాలుగు తీసుకున్నాను. అందులో ఒకటి నాది కాదు. నా బొమ్మ ఇంకొకరి చేతిలో ఉంది. ఆయనకూ ఆ తేడా తెలియలేదు.

దసరా సెలవుల్లో ఇంటికి వచ్చి ఆ బొమ్మలే నాన్న ముందు పరిచాను. ఒక్కొక్కటి తిప్పి చూసి, "మంచిగున్నయి బిడ్డా. ఎవరియి ఇవి?" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే ఎవరో వేసినవి తెచ్చి చూపిస్తున్నాననుకున్నాడు. చీర అంచు మడత విప్పి చూస్తే అది ఏ మగ్గం మీద దిగిందో చెప్పే మనిషి ఆయన. ఆయన కంటికి నా బొమ్మల్లో నేను ఎక్కడా కనపడలేదు.

తిరిగి వెళ్లాక పట్టుదలగా దారి మార్చాను. మన తెలంగాణ శైలి ఉండగా జపాన్ ఎందుకనుకున్నాను. చేర్యాల నకాషీ పటాలు చూశాను. ఎర్రని నేల, పెద్ద కళ్లు, నిండు నగలు. అవన్నీ ఎత్తి నా బొమ్మల్లో పెట్టాను. ఈసారి మెచ్చుకుంటారనుకున్నాను. సారు చూసి, "మొన్న జపాన్ నుంచి తెచ్చావు, ఇప్పుడు చేర్యాల నుంచి తెచ్చావు. బస్సు చార్జీ తగ్గింది, అంతే" అన్నారు.

కోపం వచ్చింది కానీ ఆలోచిస్తే నిజమే. చేర్యాల పటం అలా ఉండటానికి కారణాలున్నాయి. కథ చెప్పేవాళ్లు గుడ్డను కొంచెం కొంచెంగా విప్పుతూ ఒక్కో గడిలోని బొమ్మను చూపిస్తూ కథ నడిపిస్తారు. దూరంగా కూర్చున్న ఊరి జనానికి ఆ బొమ్మ తెలియాలి. ఆ రంగులు, ఆ పెద్ద గీత ఆ అవసరంలోంచి వచ్చినవి. నా బొమ్మలకు ఆ అవసరం లేదు. నేను తెచ్చుకున్నది పై వేషం మాత్రమే. మన ఊరిదైనా అరువు అరువే.

చివరి సంవత్సరం మూడు నిమిషాల సినిమా తీయాలి. మగ్గం మీద ఒక రోజు అనే అంశం తీసుకున్నాను. తెర మీద సెకనుకు 24 చిత్రాలు కదులుతాయి. ఒక్కో బొమ్మను రెండేసి సార్లు చూపిస్తే సెకనుకు 12 బొమ్మలు చాలు. అయినా మూడు నిమిషాలకు 2160 బొమ్మలు. నగలు, చీర మడతలు అన్నీ వేస్తే ఒక్కో బొమ్మకు 40 నిమిషాలు పడుతోంది. లెక్క వేస్తే 1440 గంటలు. రోజుకు 8 గంటలు గీసినా 180 రోజులు. నాకున్నవి 4 నెలలు. వదిలేసి ఇంటికి వచ్చేద్దామా అనిపించింది. బట్టలు సర్దుకుని నిజంగా వచ్చేశాను కూడా.

నాన్నకు విషయం చెప్పాను. ఆయన నేస్తున్న చీర అంచు మీద వేలు పెట్టి, "ఈ పువ్వు వంపు జూడు" అన్నాడు. దగ్గరగా చూస్తే అది వంపు కాదు, చిన్న చిన్న మెట్లు. పడుగు, పేక నిలువుగా అడ్డంగానే నడుస్తాయి. మగ్గం మీద గుండ్రని గీత ఉండదు. "నూలు ఎట్ల ఒప్పుకుంటే పువ్వు అట్ల ఉంటది. నువ్వు నూలును అడగకుండ గీస్తున్నవు" అన్నాడు.

గద్వాల చీర సంగతి మీకు తెలిసిందే. ఒళ్లు నూలు, అంచు పట్టు. మూడు నాడెలతో నేస్తారు. ఒంటి పేక, అంచు పేక కలిసే చోట ఒకదానిలో ఒకటి చిక్కుకునేలా కలుపుతారు. మనం ముచ్చటపడే కోటకొమ్ము అంచు ఆ అతుకు పనిలోనే రూపు కడుతుంది. చీర అందమంతా అతుకు దగ్గరే ఉంది.

యానిమేషన్ చరిత్రలోనూ ఇదే జరిగింది. టామ్ అండ్ జెర్రీ తీసిన హన్నా, బార్బెరా 1957లో స్టూడియో మూతపడ్డాక టీవీకి వచ్చారు. అక్కడ డబ్బు తక్కువ, సమయం తక్కువ. అందుకని యోగి బేర్ మెడకు కాలరు పెట్టారు. ఒంటిని కదపకుండా కాలరు పైన తలను మాత్రమే మళ్లీ గీస్తే చాలు. పిల్లలు ఆ కాలరునే ముద్దుగా గుర్తుపెట్టుకున్నారు. జర్మనీలో లోట్టే రైనిగర్ 1926లో నల్ల కాగితం కత్తిరించి, కీళ్లు కలిపి, ప్రిన్స్ అహ్మద్ కథను పూర్తి నిడివి సినిమాగా తీసింది. మన తోలుబొమ్మలకూ కీళ్లున్నాయి. ఆ కీళ్లను దాచరు. ఆట వాటి మీదే నడుస్తుంది.

మళ్లీ హైదరాబాద్ వెళ్లి, ఈసారి ఏం వెయ్యాలని కాకుండా ఏం తీసేయవచ్చని చూశాను. నగలు తీసేశాను. మడతలు తీసేశాను. నేసే మనిషి ముఖం వంగే ఉంటుంది కాబట్టి నోరు తీసేశాను. చేతులు మాత్రం పెద్దవి చేశాను. బొమ్మకు 15 నిమిషాలు. మొత్తం 540 గంటలు. 68 రోజుల్లో అయిపోతుంది.

అప్పుడొకటి గమనించాను. దృశ్యాలన్నీ నేల దగ్గర నుంచి, కింది నుంచి పైకి చూస్తున్నట్టు వస్తున్నాయి. నేను అనుకుని చేసింది కాదు. రాట్నం ముందు నేల మీద కూర్చున్న పిల్లవాడికి మగ్గం అలాగే కనపడుతుంది. గుంతలో దిగిన నాన్న నాకు నడుము నుంచి పైకే కనపడేవాడు. అందుకే చేతులు పెద్దవి. తప్పించుకోవాలనుకున్న ఆ పనే నా చూపు ఎత్తును నిర్ణయించింది.

సినిమా పూర్తికాక ముందే ఫోనులో నాన్నకు చూపించాను. కొంచెంసేపు ఏమీ అనలేదు. తరువాత, "నాడె కుడికి పోయినప్పుడు నా తల అటు తిరగది. నేను నాడెను సూడను, అంచును సూస్త" అన్నాడు. ఆ దృశ్యంలో 46 బొమ్మలు మళ్లీ గీశాను. ఈసారి ఇవి ఎవరియి అని ఆయన అడగలేదు. "నా తల" అన్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో మగ్గం లేదు. నాన్న మోకాళ్లు గుంతలోకి దిగనివ్వలేదు. గుంత పూడ్చి పైన బండలు పరిచాం. అక్కడ ఇప్పుడు మోటారు సైకిల్ పెడుతున్నాం. ఆ మగ్గం కదిలిన తీరు ఆ మూడు నిమిషాల్లోనే మిగిలింది.

పిల్లలూ, బొమ్మలు వేసేవాళ్లు మీలో చాలామంది ఉంటారు. మీకు నచ్చినవి చూసి గీయండి, సిగ్గుపడకండి. చెయ్యి అలాగే తిరుగుతుంది. అయితే శైలిని వెతుక్కుంటూ కూర్చోకండి. ఒక్క బొమ్మను వంద సార్లు వేయాల్సిన పని పెట్టుకోండి. వందోసారికి ఏం వదిలేశారో, ఏం వదల్లేకపోయారో చూడండి. వదల్లేనిదే మీది.

గురువులకు ఒక మనవి. చూసి గీసిన పిల్లవాణ్ని కోప్పడకండి. మా నాన్న అడిగినట్టు ఒక్క మాట అడగండి: "మంచిగున్నయి బిడ్డా. ఎవరియి?" జవాబు వెంటనే రాదు. నాకు రెండేళ్లు పట్టింది.

డ్రాయింగ్ సారూ, రబ్బరు ఇప్పటికీ జేబులోనే ఉంది.