సైకిలు, ఎదురుగాలి, ఆసనము



కాలినడకను పోవువానికి గాలి చెలికాడు; సైకిలుపై వేగముగా పోవువానికి అదియే పగవాడు. నేను ఉపాధ్యాయుడనై యున్న దినములలో ప్రతిదినము ఎనిమిది మైళ్లు సైకిలు త్రొక్కెడివాడను. వేసవిలో పడమటిగాలి ఎదురైనప్పుడు, ఎవ్వరును నేర్పకయే హేండిలుమీదికి వంగెడివాడను. మీలో పలువురును అట్లే వంగియుందురు. ఆ వంగుటలోని శాస్త్రమును, ఆ శాస్త్రమునకు గల హద్దును నేడు మనవిచేసెదను.

వేగము రెండింతలైనచో గాలి యొక్క అడ్డు రెండింతలు కాదు, నాలుగింతలగును. ఆ గాలిని చీల్చుటకై ప్రతినిమిషమును కాళ్లు వెచ్చింపవలసిన శక్తి ఎనిమిదింతలగును. సమతలమైన బాటపై గంటకు 30 కిలోమీటర్లు దాటిన పిమ్మట త్రొక్కువాని శ్రమలో అధికభాగము గాలికే చెల్లును. ఆ గాలి ముఖ్యముగా తగులునది ఇనుమునకు కాదు, మనిషికి. సైకిలు సన్నని గొట్టముల కూర్పు. నిటారుగా కూర్చున్నవాని రొమ్మో, మూసిన తలుపు వంటిది. కావున వెలగల సైకిలు కొనుటకంటె దేహమును సవరించుకొనుట ముందు చేయదగిన పని. దానికి కాసు ఖర్చు లేదు.

ఇందునకు ప్రసిద్ధమైన నిదర్శనమొకటి కలదు. 1989లో ఫ్రాన్సు దేశమును చుట్టివచ్చు మహాపందెము మూడువేల కిలోమీటర్లకు పైగా సాగి తుదిదినమునకు వచ్చెను. వెర్సాయి నుండి పారిస్ వరకు 24.5 కిలోమీటర్లు ఒక్కొక్కరు ఒంటరిగా త్రొక్కవలెను. అమెరికా దేశీయుడగు గ్రెగ్ లెమాండ్, ఫ్రెంచివాడగు లోరా ఫిన్యోకంటె 50 సెకండ్లు వెనుకబడియుండెను. లెమాండ్ తన హేండిలునకు ముందునకు చాచిన కడ్డీలను అమర్చి, ముంజేతులను వానిపై ఆనించి, మోచేతులను దగ్గరకు చేర్చి త్రొక్కెను. ఫిన్యోకు అట్టి కడ్డీలు లేవు. తలపై టోపీయు లేదు. ఆనాడు లెమాండ్ 58 సెకండ్లు ముందుగా చేరి, మొత్తము పందెమును 8 సెకండ్ల తేడాతో గెలిచెను. ఫిన్యోను అప్పుడు కూర్చుండుచోట పుండు బాధించుచుండెను గనుక, విజయమునంతయు కడ్డీలకే కట్టబెట్టుట న్యాయము కాదు. అయినను ఆసనము విలువ లోకమునకు ఆనాడు తెలిసినది.

1993 జూలైలో స్కాట్లండు వాడగు గ్రేమ్ ఓబ్రీ అంతకంటెను వింతచేసెను. తానే నిర్మించుకొనిన సైకిలుపై, చేతులను మడిచి రొమ్ముక్రింద దాచుకొని, గంటలో 51.596 కిలోమీటర్లు త్రొక్కి, 1984 నుండి నిలిచియున్న రికార్డును దాటెను. బట్టలుతుకు యంత్రములోని బేరింగులను ఆ సైకిలునకు వాడెను. ఆరు దినములకే ఇంగ్లండు వాడగు క్రిస్ బోర్డ్‌మన్ ఆ రికార్డును మించినను, ఓబ్రీ యుక్తి చిన్నబోలేదు. మరుసటి సంవత్సరము అంతర్జాతీయ సైకిలు సమాఖ్యవారు ఆ ఆసనమును నిషేధించిరి. 2021 ఏప్రిలు నుండి, పల్లములలో సీటు విడిచి నడిమి గొట్టముపై కూర్చుండి వంగుటను గూడ నిషేధించిరి. వేగమునిచ్చు ఆసనమెల్ల అనుసరింపదగినది కాదని దీనినిబట్టి గ్రహింపవలెను.

అయిన తగిన ఆసనమేది? ముందుగా సీటు ఎత్తు సరిచూడవలెను. పెడలు అడుగునకు వచ్చినప్పుడు దానిపై మడమ నుంచినచో కాలు చక్కగా చాగవలెను; అప్పుడు పాదపు ముందుభాగముతో త్రొక్కునెడ మోకాలు కొంచెము వంగియుండును. పిమ్మట తుంటి కీలువద్ద వంగవలెను గాని నడుము మధ్య గూనివానివలె వంగరాదు. మోచేతులను మడిచి, లోనికి చేర్చి, ముంజేతులను బాటకు సమముగా నుంచవలెను. పొట్టేలు కొమ్ములవంటి హేండిలు క్రిందిభాగమును చేతులు చాచి పట్టుకొనుటకంటె, బ్రేకుల మీది పిడులను పట్టి మోచేతులు మడుచుట పెక్కుసారులు మేలు. తలను భుజములనడుమకు దించవలెను, చూపుమాత్రము దించరాదు.

ఇక హద్దు. మితిమీరి వంగినచో తొడలు కడుపునకు తగిలి ఊపిరి ఆడదు. కాళ్ల బలమును తగ్గును. గాలివద్ద మిగిల్చినది కాళ్లవద్ద పోయిన లాభమేమి? మెడ పట్టినను, వ్రేళ్లు తిమ్మిరెక్కినను హేండిలును ఎత్తవలెను. దించదలచినచో అరంగుళము చొప్పున, దేహమునకు అలవాటైనకొలది దింపవలెను. గడియసేపు నిలువలేని ఆసనము ఆసనము కాదు.

మా మనుమడు ఇట్టి సైకిలు త్రొక్కును. వాడు వంగి పోవుచుండగా వీధి అరుగులమీది పెద్దలు నవ్వుదురు. నేను నవ్వను, వలదనను. ఒక్క నియమము మాత్రము పెట్టితిని: ముంజేతులానించు కడ్డీలను జనము, పశువులు తిరుగు బాటలో తాకరాదు. వానిపై నున్న చేయి బ్రేకునకు దూరము. గేదె అడ్డువచ్చినప్పుడు, లారీ మలుపు తిరిగినప్పుడు ఆ జానెడు దూరమే ప్రాణమునకు దూరము కావచ్చును. తల వంచి ముందుచక్రమునే చూచుచు పోవువాడు గాలిని గెలిచి బాటను ఓడును.

పెద్దలారా! మీ పిల్లవాడు అట్లు వంగినప్పుడు పరిహసింపకుడు. మూడు ప్రశ్నలు మాత్ర మడుగుడు. ఊపిరి ఆడుచున్నదా? బాట కనబడుచున్నదా? బ్రేకు చేతికందుచున్నదా? మూడింటికిని ఔనన్నచో వానిని ఆశీర్వదించి పంపుడు. ఒక్కదానికి కాదన్నను, హేండిలును అంగుళము పైకెత్తుమని చెప్పుడు. ఆ అంగుళమువలన పోవునది కొన్ని సెకండ్లే, నిలుచునది పిల్లవాడు.

సెలవు.