దవడ కీలు నొప్పి: వైద్యులు కారణం వెదకిన కథ

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము డాక్టర్లం కాము. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే వాళ్ళం. అయినా కార్యదర్శి గారు "ఈ ఏడు ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పండి మాస్టారూ" అన్నప్పుడు ఈ విషయమే ఎంచుకున్నాం. కారణం మా ఇంట్లోనే ఉంది.

మా ఆపాకు, అంటే మా పెద్దక్కకు, కొన్నేళ్ళ కిందట కుడి చెవి ముందు నొప్పి మొదలయింది. రొట్టె నమిలితే నొప్పి, ఆవలిస్తే నొప్పి, పొద్దున లేచేసరికి దవడ బిగుసుకుపోయి ఉండేది. చెవి డాక్టరు చూసి చెవి బాగానే ఉందన్నారు. తర్వాత ఒకచోట రెండు దంతాలు పీకించుకుంది. పళ్ళు పోయాయి గాని నొప్పి పోలేదు. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదని తెలిశాక ఇంట్లో వాళ్ళు "ఏమీ లేదట, ఊరికే అంటోంది" అనసాగారు. సభలో దాచడం ఎందుకు, మేము కూడా అన్నాం. ఆ మాట అన్నందుకే ఈ విషయం గురించి చదివాం, చదివింది మీ ముందు పెడుతున్నాం.

మొదట కీలు ఎక్కడుందో చూద్దాం. అందరూ చెవికి ముందు, కొంచెం కింద వేలు పెట్టి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేదే దవడ కీలు. ఇళ్ళల్లో మనం జబ్డా అంటామే, ఆ ఎముక ఒక్కటే. దానికి కీళ్ళు రెండు. తలుపు బందు తిరిగినట్టు తిరగడమే కాక, ఈ కీలు ముందుకు జారుతుంది కూడా. ఎముకకూ ఎముకకూ మధ్య మెత్తటి బిళ్ళ ఒకటి ఉంటుంది. ఆ బిళ్ళ స్థానం తప్పినప్పుడు నోరు తెరుస్తుంటే టక్కుమని శబ్దం వస్తుంది. కీలు చుట్టూ నమిలే కండరాలు ఉన్నాయి. కీలులో గాని, ఈ కండరాల్లో గాని వచ్చే బాధలన్నిటినీ కలిపి దవడ కీలు రుగ్మతలు అంటున్నారు. ఇవి మగవారి కంటే ఆడవారిలో ఎక్కువ.

ఇక కారణం సంగతి. 1934లో అమెరికాలో జేమ్స్ కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు 11 మంది రోగులను చూసి ఒక వ్యాసం రాశాడు. వెనక దంతాలు ఊడిపోతే దవడ ఎక్కువగా మూసుకుపోయి, కీలు వెనక్కి నొక్కుకొని, చెవి దగ్గరి నరాలు నలుగుతున్నాయన్నాడు. వినడానికి సబబుగానే ఉంది. దాంతో తప్పంతా పళ్ళ అమరికదే అనుకొని, పళ్ళు అరగదీయడం, ఎత్తు పెంచడం మొదలయింది. నరాలు అలా నలగవని తర్వాత శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు చూపించారు. అయినా ఆ వైద్యం ఆగలేదు. ఎందుకంటే చాలామందికి తగ్గేది మరి!

ఎందుకు తగ్గుతోంది? దీనికి జవాబు చెప్పిన పరిశోధన 1976లో వచ్చింది. గుడ్‌మన్, గ్రీన్, లాస్కిన్ అనే ముగ్గురు 25 మంది రోగులకు పళ్ళు అరగదీసినట్టు నటించారు. పరికరం చప్పుడు చేసింది, రోగి నోరు తెరిచి కూర్చున్నాడు, కాని పళ్ళ అమరికలో ఏ మార్పూ చేయలేదు. 25 మందిలో 16 మంది తమ బాధ పూర్తిగానో, దాదాపు పూర్తిగానో పోయిందన్నారు! అంటే ఆ రోగులు అబద్ధాలాడారని కాదు. ఈ నొప్పి చాలామందిలో తనంత తానే హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. డాక్టరు శ్రద్ధగా చూశాడన్న నమ్మకంతో కూడా తగ్గుతుంది. కనుక వైద్యం చేశాక తగ్గింది కాబట్టి ఆ వైద్యం ఊహించిన కారణమే నిజం అనుకోవడం పొరపాటు. ఈ ఒక్క ముక్క మా బడి పిల్లలకు సైన్సు పాఠంలో కూడా చెప్తుంటాం.

ఇదే లాస్కిన్ 1969లోనే ఇంకో మాట చెప్పాడు. మనసు ఒత్తిడిలో ఉన్నవారు తెలియకుండానే పళ్ళు బిగబడతారు, దానితో కండరాలు అలిసి నొప్పి పుడుతుందన్నాడు. ఇది కొంత నిజమే, కాని మొత్తం నిజం కాదు.

తర్వాత లోపలి బిళ్ళను ఫోటో తీసే సాధనాలు వచ్చాయి. బిళ్ళ స్థానం తప్పడమే నొప్పికి కారణమని కొందరు ఆపరేషన్లు చేశారు. 1980లలో అమెరికాలో టెఫ్లాన్ పూసిన కృత్రిమ బిళ్ళలు కూడా పెట్టారు. నమలడం వల్ల అవి అరిగి ముక్కలై, ఆ రజనుకు చుట్టూ ఉన్న ఎముకే తినివేయబడింది. 1990 చివరలో అక్కడి ప్రభుత్వ శాఖ హెచ్చరిక జారీ చేయవలసి వచ్చింది. అప్పటికే ఎంతోమంది దవడలు బాగుకాని స్థితికి చేరాయి. ఇంతకూ, ఏ నొప్పీ లేనివారికి ఎం.ఆర్.ఐ. తీసి చూస్తే, వారిలో సుమారు మూడో వంతు మందిలో కూడా బిళ్ళ స్థానం తప్పే ఉందని తేలింది. ఫోటోలో కనబడిందల్లా నొప్పికి కారణం కాదన్న మాట. మా ఆపా విషయం దీనికి తలకిందులు. ఫోటోలో ఏమీ లేకపోయినా నొప్పి ఉండవచ్చు. కండరాల నొప్పి ఎక్స్‌రేలో పడదు.

మరి కారణం ఏమిటి? అమెరికాలోనే మూడు వేల మందికి పైగా నొప్పి లేనివారిని చేర్చుకొని, ఎవరికి నొప్పి వస్తుందో ఏళ్ళ తరబడి గమనించారు. ఆ ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. ఏడాదికి నూటికి దాదాపు నలుగురికి కొత్తగా నొప్పి వచ్చింది. నిద్ర చెడినవారు, తలనొప్పి, నడుం నొప్పి వంటి వేరే బాధలు ముందే ఉన్నవారు, దవడకు దెబ్బ తగిలినవారు, పళ్ళు బిగబట్టే అలవాటున్నవారు ఇందులో ఎక్కువ. కారణం ఒక్కటి కాదు, నాలుగైదు కలిసి వస్తాయన్నది నేటి మాట. ఒక్క పన్ను పీకితేనో, ఒక్క బిళ్ళ మారిస్తేనో ఇది పోతుందన్న ఆశ అందుకే నిలవలేదు.

కారణం తేలకపోయినా నిర్ధారణ పద్ధతి తేలింది. 1992లో పరిశోధకులు ఒక నియమావళి రాసుకున్నారు. దాన్ని సవరించి 2014లో మామూలు డాక్టర్లు కూడా వాడేటట్టు ప్రకటించారు. అందులో ముఖ్యమైనవి చెవితో వినడం, వేలితో నొక్కడం. గత 30 రోజుల్లో నొప్పి వచ్చిందా, నమిలితే మారుతుందా అని అడుగుతారు. కణత మీద, బుగ్గ కండరం మీద కిలో బరువంత నొక్కుతారు. అది ఎంతో తెలియాలంటే ఇంట్లో తూకం మీద వేలుపెట్టి నొక్కి చూడండి. నొక్కి, "రోజూ మీకు వచ్చే నొప్పి ఇదేనా?" అని అడుగుతారు. అవునంటే నిర్ధారణలో సగం పని అయినట్టే. నోరు ఎంత తెరుచుకుంటుందో కొలుస్తారు. పెద్దవారిలో నలభై మిల్లీమీటర్ల దాకా, అంటే సుమారు మూడు వేళ్ళు నిలువుగా పట్టేంత తెరుచుకోవాలి. అవసరమైతేనే ఫోటో. అంతేకాదు, నిద్ర ఎలా ఉంది, దిగులు ఉందా అని కూడా అడగమని ఆ నియమావళి చెప్తోంది.

మా ఆపాను చివరికి చూసిన డాక్టరమ్మ బుగ్గ మీద వేలు నొక్కి సరిగ్గా ఆ ప్రశ్నే అడిగింది. ఆపా "ఇదేనమ్మా" అని అక్కడే ఏడ్చేసింది. నొప్పికి కాదు. ఇన్నాళ్ళకు ఒకరు నమ్మినందుకు. మేము పక్కనే నిలబడి తల వంచుకున్నాం.

అయితే దవడ బాధలన్నీ ఇదే అనుకోరాదు. తల్లిదండ్రులు గమనించాలి. గుట్కా, వక్క నమిలే కుర్రవాళ్ళకు కారం తింటే నోరు మండి, బుగ్గలు లోపల తెల్లబడి గట్టిపడి, నోరు రాను రాను తెరుచుకోదు. అది కీలు జబ్బు కాదు, క్యాన్సరుకు దారి తీయగల వేరే జబ్బు. చిన్నపిల్లలు గడ్డం మీద పడితే, గాయం మానిందని ఊరుకోకండి. లోపల కీలు విరిగి, అతుక్కుపోయి, కొన్నాళ్ళకు నోరు మూసుకుపోవచ్చు. యాభై దాటినవారికి కొత్తగా కణత నొప్పి, నమిలితే దవడ అలసట, చూపు మసక వస్తే అదే రోజు ఆసుపత్రికి పోవాలి, ఆలస్యమైతే చూపు పోవచ్చు. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు దవడ లాగి చెమటలు పడితే అది గుండె కావచ్చు, ఆలోచించకుండా ఆసుపత్రికి పోవాలి.

ఇవేవీ కావని తేలితే భయం లేదు. నొప్పి లేని ఉత్త టక్కు శబ్దానికి వైద్యమే అక్కర్లేదు. నొప్పి ఉంటే కొన్నాళ్ళు మెత్తటి తిండి, వేడి కాపడం, డాక్టరు చెప్పిన మందులు, వ్యాయామం. పని లేనప్పుడు పెదవులు కలిసి ఉండాలి గాని పళ్ళు కలిసి ఉండకూడదు. చాలామందికి ఇంతటితోనే సర్దుకుంటుంది. మా ఆపాకూ చాలావరకు తగ్గింది. పళ్ళు అరగదీయడం, పీకడం, కీలు కోయడం వంటి తిరిగి సరిచేయలేని పనులకు మాత్రం తొందరపడవద్దు. ఇంకో డాక్టరును కూడా అడిగి చూడండి.

చివరిగా ఒక మనవి. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు నొప్పి అంటే, కాగితం మీద కనబడలేదని "ఊరికే అంటోంది" అనకండి. పెద్ద పెద్ద డాక్టర్లే ఎనభై ఏళ్ళకు పైగా వెదికి, రోగి మాట విని, వేలితో తడిమి చూడమన్న చోటికి వచ్చారు. ఆ వినే పని ఇంట్లో మనం కూడా చేయగలం.