చేప దారి, నీటి దారి
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ముగిసి, పక్క గదిలోనుంచి పులిహోర వాసన తగులుతూ ఉండగా ఒక ముసలివాడు లేచి చేపలను గురించి మాట్లాడుతానంటే కొందరికి నవ్వు రావచ్చు. సభలో శాకాహారులు కూడా ఉన్నారు. వారు భయపడనక్కరలేదు. నేను వంటను గురించి చెప్పబోవడం లేదు, నీటిని గురించి చెప్పబోతున్నాను. ఈ సీమలో నీళ్లకంటె బంగారమే సులభంగా దొరికిన రోజులు ఉండినవని మీకు తెలియనిది కాదు.

1880లో జాన్ టేలర్ కంపెనీవారు వచ్చిన తరువాత ఇక్కడి గనుల పని ఊపందుకొన్నది. ఆ పనికి ఇంగ్లండులోని కార్నవాల్ సీమనుంచి గని పని తెలిసిన దొరలు ఎందరో వచ్చినారు. వారి సీమలో తగరపు గనులున్నాయి, చన్నీటి ఏరులున్నాయి. మన పెద్దలు చిత్తూరు వైపునుంచి, ఉత్తరార్కాటు వైపునుంచి వచ్చినారు. వారు బంగళాల్లో ఉన్నారు, మనవారు కూలీ లైన్లలో ఉన్నారు. ఆ తేడాను నేను మరచిపోలేదు. అయినా ఇద్దరూ వలస వచ్చినవారే. ఇద్దరికీ విడిచి వచ్చిన ఊరి నీరు కలలోకి వచ్చేది.

1955లో నాకు పన్నెండేళ్లు. మా నాయన చాంపియన్ రీఫ్ గనిలో పనిచేసేవాడు. ఆయనకు తెలిసిన ఒక దొర ఆదివారాల్లో బేతమంగళం చెరువుకు చేపలు పట్టడానికి పోయేవారు. బుట్ట మోయడానికి ఒక పిల్లవాడు కావలసివచ్చి నన్ను పిలిపించినారు. అరవమూ తెలుగూ కలిపి మాట్లాడేవారు.

ఒకనాడు దొరగారు మా ఇంటి ముందు మేస్తూ ఉన్న ఎర్రపుంజును చూచి, దాని మెడమీది ఈకలు కొన్ని ఇస్తే అర్ధరూపాయ ఇస్తామన్నారు. మా అమ్మ నోరు వెళ్లబెట్టింది. "కోడిని అడగరు, గుడ్లను అడగరు, ఈకలకు అర్ధరూపాయా! ఈ దొరకు ఎండ దెబ్బ తగిలినట్టుందిరా" అని నాతో రహస్యంగా అన్నది. ఆ ఈకలు ఎందుకో నాకు తరువాత తెలిసింది. చిన్న గాలానికి పట్టుదారంతో ఆ ఈకను చుట్టి, నీటిమీద వాలే ఈగలాగ తయారుచేస్తారు. చేప దానిని నిజమైన పురుగనుకొని నోరు తెరుస్తుంది.

మన గాలానికి ఎర్ర గుచ్చుతాము, బెండు కడతాము, విసరివేసి కూర్చుంటాము. దొరల పద్ధతి వేరు. ఈకల ఈగకు బరువు ఉండదు కనుక అది తనంత తాను దూరం పోదు. బరువంతా నూనె పట్టించిన పట్టు తాడులో ఉంటుంది. వెదురును సన్నగా చీల్చి ఆరు పలకలుగా అతికించిన కర్రతో ఆ తాడును వెనుకకు, ముందుకు ఊపి, చివరికి ఈగను నీటిమీద మెల్లగా వాల్చాలి. చప్పుడైతే చేప పారిపోతుంది. మొదట నీటిని చూడాలి. ఎక్కడ లోతు, ఎక్కడ నీడ, ఏ పురుగు లేస్తున్నది, ఏ వైపునుంచి గాలి వస్తున్నది, ఇవన్నీ కనిపెట్టిన తరువాతనే కర్ర ఎత్తాలి. దొరగారు అరగంట ఊరక చూస్తూ నిలబడేవారు. నాకు విసుగు పుట్టేది.

ఒకసారి ఆయన ఒక రేకు డబ్బీ తెరచి పెద్ద గాలం ఒకటి చూపినారు. దానిమీద రంగురంగుల ఈకలు. రెండు పక్కలా మైనంతో చుక్కలు పెట్టినట్టు నిగనిగలాడే చిన్న ఈకలున్నాయి. "ఇది మా దేశంలో సామన్ చేపకు వేసేది. ఈ చుక్కల ఈక ఎక్కడిదో తెలుసునా తంబీ? మీ దక్షిణదేశపు అడవికోడి మెడమీదిది" అన్నారు. నేను నమ్మలేదు. కాని అది నిజమే. మన దక్షిణాది కొండల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి మెడ ఈకలకోసం ఇంగ్లండు, స్కాట్లండు, నార్వే నదుల దగ్గర గాలాలు కట్టేవారు తహతహలాడేవారు. మనకు పేరైనా తెలియని చేపను పట్టడానికి మన అడవి పక్షి ఈక సముద్రాలు దాటిపోయింది. ఆ మోజు ఆ పక్షికి మేలు చేయలేదు. నేడు దానిని వేటాడడం చట్టవిరుద్ధం, దాని ఈకలను దేశం దాటించడమూ చట్టవిరుద్ధమే.

ఇంతటి విద్య ఉన్న దొరగారికి బేతమంగళంలో ఏమి దొరికిందని అడుగుతారు. సాయంత్రం దాకా విసరితే వేలెడంత పక్కెచేపలు రెండు దొరికినవి! అదే గట్టుమీద మా తాత చిన్న కప్పను గుచ్చి మూరెడు కొర్రమీను పట్టినాడు. దొరగారు టోపీ తీసి తాతకు నమస్కారం పెట్టినారు.

అప్పుడే మరొక సంగతి జరిగింది. గట్టుకు దగ్గరగా నీటిమీద ఎర్రని చిన్న చేపపిల్లలు గుంపుగా తేలినవి. ఆ గుంపుకింద తల్లి చేప ఉంటుందని దొరగారికీ తెలుసు. కర్ర ఎత్తినారు. మా తాత చెయ్యి అడ్డం పెట్టి, "వద్దు దొరా, అది బిడ్డలతల్లి. దాన్ని తీస్తే ఈ బిడ్డలన్నీ తెల్లారేలోగా వేరేవాటి కడుపులోకి పోతాయి" అన్నాడు. నేను వణికిపోయినాను. కూలీవాడు దొర చేతికి అడ్డం పెట్టిన కాలమా అది! దొరగారు కొంచెంసేపు ఊరకుండి, తాడు చుట్టేసి, "మా ఊళ్లోనూ గుడ్లు పెట్టే కాలంలో చేపను పట్టకూడదని చట్టం ఉంది. నీకు చట్టం లేకుండానే తెలుసు" అన్నారు.

ఆ విద్య మన చెరువులో ఎందుకు పారలేదు? దొరగారి దేశపు ట్రౌట్ చేపకు పారే చన్నీరు కావాలి. నీరు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గి ఆ చేప చచ్చిపోతుంది. మన కొర్రమీను అలాటిది కాదు. అది పైకి వచ్చి గాలి పీల్చుకొంటుంది, చెరువు ఎండుతూ ఉంటే తడిబురదలో దూరి వానకోసం కాచుకొంటుంది. ఏ నీటికి ఆ చేప, ఏ చేపకు ఆ విద్య.

దక్షిణదేశంలో ట్రౌటుకు అసలు చోటే లేదని కాదు. నీలగిరుల్లో 1860లలో ఫ్రాన్సిస్ డే అనే శాస్త్రజ్ఞుడు దానిని పెంచాలని ప్రయత్నించి విఫలుడైనాడు. 1907లో హెచ్. సి. విల్సన్ అనే ఆయన అవలాంచె దగ్గర పిల్లలను పొదిగించే కేంద్రం పెట్టిన తరువాతనే అది అక్కడి కొండవాగుల్లో నిలిచింది. అంతకంటె మనకు దగ్గర చుట్టమైన చేప కావేరి మహసీరు. 1902లో ఈ గనులకు దీపాలు, యంత్రాలు నడిపే కరెంటు తొంభై మైళ్ల ఆవలి శివసముద్రంనుంచి వచ్చింది కదా, ఆ కావేరి చేప అది. హెచ్. ఎస్. థామస్ అనే కలెక్టరు 1873లో అచ్చువేసిన పుస్తకంలో, గాలానికి తగిలిన తరువాత పెనుగులాటలో సామనుకంటె మహసీరే మిన్న అని వాదించినాడు. 1946లో మైసూరు వాన్ ఇంగెన్ దొర కబినీ నదిలో 120 పౌనుల చేపను పట్టినాడు. అంతటి చేప 2018 నాటికి పూర్తిగా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాకు ఎక్కింది. ఆనకట్టలు, ఇసుక తవ్వకాలు, తోటాలు పేల్చి పట్టడం, బయటి జాతి మహసీర్లను తెచ్చి వదలడం, అన్నీ కలిసి దాని నడుము విరిచినవి.

ఇక సామన్ చేపను నేను కండ్లారా చూచిన సంగతి చెబుతాను. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడిన తరువాత మన పిల్లలు నలుమూలలకు పోయినారు. కొందరు రోజూ తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరికి పోతారు, కొందరు సముద్రాలు దాటిపోయినారు. నా మనుమడు కెనడా పడమటి తీరాన ఉన్నాడు. 2018 అక్టోబరులో నన్ను ఆడమ్స్ నదికి తీసుకొనిపోయినాడు. చుట్టూ దేవదారు అడవి, మోకాటిలోతు నీళ్లు, ఆ నీటినిండా కుంకుమ ఆరబోసినట్టు ఎర్రని చేపలు! ఆ వాగులోనే గుడ్డునుంచి పుట్టి, సముద్రానికి పోయి పెరిగి, నాలుగో ఏట సుమారు 300 మైళ్లు ఎదురీది పుట్టినచోటికే వస్తాయి. తమ వాగు నీటి వాసనను గుర్తుపట్టి వస్తాయని శాస్త్రజ్ఞులు చెబుతారు. నదిలోకి వచ్చిన తరువాత ఆహారం ముట్టవు. గుడ్లు పెట్టి అక్కడే ప్రాణం విడుస్తాయి. ఆకలి లేని చేప ఈకల ఈగను ఎందుకు కరుస్తుందో నేటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. నాకు దొరగారి రేకు డబ్బీ, మా తాత అడ్డం పెట్టిన చెయ్యి జ్ఞాపకం వచ్చినవి.

అక్కడివారు ఇంకొక సంగతి చెప్పినారు. ఆ చేపలు ఫ్రేజర్ అనే పెద్ద నదిమీదుగా రావాలి. 1913లో రైలుదారికోసం కొండను పేల్చితే బండలు ఆ నదిలో పడినవి. మరుసటి ఏడు మరికొంత కొండ జారింది. హెల్స్ గేట్ అనే ఇరుకుచోట నీటి వడి ఎంత పెరిగిందంటే చేప ఎక్కలేకపోయింది. లక్షలాది చేపలు అక్కడే తల బాదుకొని చచ్చినవి. 1940లలో చేప ఎక్కడానికి అక్కడ కాంక్రీటు దారులు కట్టినారు. ముప్పయి ఏండ్లు పట్టింది, అయినా మూసిన దారిని మనిషే మరల తెరచినాడు.

మన తెలుగువారికి ఈ కథ కొత్త కాదు. సముద్రంనుంచి వానకాలపు ఎర్రనీటికి గోదావరిలోకి ఎదురెక్కే పులస మన సామనే. పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత కట్టుకొన్నాము. 1852లో పూర్తి అయిన ధవళేశ్వరం ఆనకట్ట లక్షల ఎకరాలకు అన్నం పెట్టింది, అందుకు కాటన్ దొరను నేటికీ పూజిస్తున్నారు. ఆ ఆనకట్ట దగ్గరనే పులస ప్రయాణం చాలావరకు ఆగిపోయింది. రెండూ నిజాలే. మన అన్నం ఎక్కడినుంచి వచ్చిందో తెలిసినవాడు, దానికి ఎవరు వెల చెల్లించినారో కూడా తెలిసికొని ఉండాలి.

ఇప్పుడు మన పాలారు సంగతికి వస్తాను. నంది కొండల్లో పుట్టి, మన రాష్ట్రంలో దాదాపు 93 కిలోమీటర్లు సాగి, కుప్పం సీమ దాటి, తమిళనాడులో సముద్రానికి చేరవలసిన నది. పేరుకు నది, ఏడాదిలో ఎక్కువకాలం ఇసుక. ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో ఆ పాలారు మీది బేతమంగళం చెరువే గొట్టాలద్వారా ఈ గనుల ఊళ్లకు తాగునీరు ఇచ్చింది. మనలో ముసలివారందరం ఆ నీటితో పెరిగినవాళ్లమే. తరువాత ఏండ్లకేండ్లు ఎండిన చెరువును చూచినాము. 2021 నవంబరు వానలకు పాలారు పొంగింది, జిల్లాలో ఎన్నో చెరువులు మొరవ పారినవి. 2018నుంచి బెంగుళూరిలో శుద్ధిచేసిన వాడకపు నీటిని కోలారు చెరువులకు పారిస్తున్నారు. దానివల్ల భూగర్భజలం పెరిగిందని సంతోషించేవారున్నారు. ఆ శుద్ధి చాలదు, మూడవ దశ శుద్ధి కూడా చేయాలని కోరేవారున్నారు. నా ఓటు రెండవవారికి. చేప నోటికి రానిది మన పిల్లల నోటికి రాకూడదు.

ఇంత చెప్పి నేను కోరేది పెద్దది కాదు. మన చెరువులు ఎండడానికి వాన తగ్గడం ఒక్కటే కారణం కాదు. వాన నీరు చెరువుకు చేరే కాలువలు పూడిపోయినవి, ఇండ్లస్థలాలు అయిపోయినవి. చెరువును తవ్వితే చాలదు, చెరువుకు దారి ఉండాలి. అందుచేత మూడు మనవులు చేస్తున్నాను. మన సంఘంవారు ఏడాదికొక్క ఆదివారమైనా యువకులను వెంటబెట్టుకొని, ఒక చెరువు కాలువ వెంబడి నడచి, ఎక్కడ పూడింది, ఎక్కడ ఆక్రమించినారు అని వ్రాసి, పంచాయతీవారికీ తాలూకా కచ్చేరికీ అర్జీ ఇవ్వాలి. చేపలు పట్టేవారు పిల్లల గుంపుతో ఉన్న కొర్రమీనును ముట్టకూడదు. ఇక తల్లిదండ్రులు పిల్లలను గట్టుమీదికి తీసుకొనిపోయి అరగంట ఊరక నీటిని చూపాలి. దొరగారు నాకు నేర్పిన విద్యలో మన చెరువుకు పనికివచ్చినది అదొక్కటే, కాని అది చాలా గొప్పది.

దూరం పోయిన మన పిల్లలు ఒకనాడు తిరిగి వస్తారో లేదో నేను చెప్పలేను. వారు సామన్ చేపలు కారు, ఎక్కడ సుఖంగా ఉంటే అక్కడ ఉండనీయండి. కాని ఎవరైనా వచ్చిననాడు, ఇదిరా మీ తాత నీళ్లు తాగిన చెరువు అని చూపడానికి అక్కడ నీళ్లుండాలి. ఆ పని పోయినవారిది కాదు, ఉన్న మనది.

పులిహోర చల్లారిపోతున్నది.