అటక మీది కొయ్యరైలు



ఇవాళ నేను చెప్పబోయేది తాడు కట్టి లాగే కొయ్యరైళ్ళ గురించి. పిల్లల ఆటబొమ్మల మీద పెద్దవాళ్ళకు ప్రసంగమేమిటని నవ్వుకుంటున్నారేమో! నవ్వండి, పరవాలేదు. ఇరవై ఏళ్ళుగా పాత కొయ్యరైళ్ళు పోగుచేస్తున్న నాకు ఆ నవ్వు అలవాటే. మావారైతే మా ఇంటికి 'తడ రెండో స్టేషను' అని పేరు పెట్టేశారు.

మా ఊరు తడ ఆంధ్రదేశానికి దక్షిణపు గుమ్మం. గుమ్మం దాటితే తమిళనాడు. 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరింది. ఒకవైపు పులికాట్ సరస్సు, ఊళ్ళోనుంచి గూడూరు-మద్రాసు రైలుదారి. పేరు చెన్నై అయినా మా నోటికి మద్రాసే వస్తుంది, ఏమనుకోకండి. 1899లో విజయవాడకూ మద్రాసుకూ రైలు కలిసింది. కలకత్తా బళ్ళూ ఢిల్లీ బళ్ళూ మా ముందునుంచే పోతున్నాయి. ఆ కూతలు వింటూ పెరిగిన పిల్లలు రైలుబొమ్మ కావాలని మారాం చేయడంలో వింతేముంది?

మన ఇళ్ళల్లో దొరికే పాత కొయ్యరైళ్ళు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి నున్నగా మెరిసే లక్కరైలు. మనం ఆడుకున్న లక్కపిడతలకు ఇది తోబుట్టువన్నమాట. దీనికి పెట్టింది పేరు ఏటికొప్పాక. వరాహనది ఒడ్డున, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉంది ఆ ఊరు. అక్కడ అంకుడు కర్రను లేత్ మిషను మీద తిప్పుతూ రంగు కలిపిన లక్కబిళ్ళను దానికి అదిమి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. పైన మొగలాకుతో రుద్దితే అద్దంలా నిగనిగలాడుతుంది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెట్లూ గింజలనుంచి తీసిన రంగులను మళ్ళీ ఈ పనిలోకి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

ఒక తమాషా గమనించారా? ఆవిరి ఇంజనులో ఉన్నవన్నీ గుండ్రాలే. బాయిలరు గుండ్రం, పొగగొట్టం గుండ్రం, చక్రాలు గుండ్రం. తిప్పి చెక్కే పనివాడికి ఇంతకంటే అనువైన బండి ఏముంటుంది? మన బ్రాడ్‌గేజి లైన్ల మీద రోజువారీ ఆవిరి బళ్ళు 1995తో ఆగిపోయినా బొమ్మరైలు నెత్తిన పొగగొట్టం మాత్రం ఇంకా ఉండడానికి కారణం ఇదేనని నా ఊహ.

లక్కరైలు కనిపించగానే ఏటికొప్పాకదని తీర్మానించకండి. కర్ణాటకలోని చెన్నపట్నంలోనూ ఇదే కర్ర, ఇదే లక్క. మా తడకు ఏటికొప్పాక కంటే చెన్నపట్నమే దగ్గర. అమ్మేవాడు ఏ ఊరి పేరు చెప్పినా నేను ఊఁ కొట్టి ఊరుకుంటాను.

రెండో రకం మన ఊరి వడ్రంగి చేసినది. ద్వారబంధం చేయగా మిగిలిన ముక్కలు, నాలుగు మేకులు, తలుపులకు వేసిన ఆకుపచ్చ రంగే దీనికీ. చూపుకు మోటు. కానీ నన్నడిగితే లక్కరైలు కంటే దీనికే ఎక్కువ విలువ కడతాను. ఎందుకంటారా? లక్కరైళ్ళు సంతకు వందలు వచ్చేవి. ఇది ఒక ఇంటికోసం, ఒక పిల్లవాడి కోసం, ఒక్కటంటే ఒక్కటే పుట్టింది.

పై దేశాల్లో ఈ సరదాకు దారి చక్కగా వేసి ఉంది. స్వీడన్‌లో 1884లో పుట్టిన బ్రియో కంపెనీ 1958నుంచి పట్టాల మీద నడిచే కొయ్యరైళ్ళు చేస్తోంది. అమెరికాలో 1930లో మొదలైన ఫిషర్-ప్రైస్ వారు కొయ్య మీద రంగుకాగితం అంటించి లాగుడుబొమ్మలు చేశారు. వాటి మీద కంపెనీ పేరు ఉంటుంది, పట్టిక చూసి వయసు చెప్పేయవచ్చు. మన రైలును తిరగేసి చూడండి, పేరూ ఉండదు ఊరూ ఉండదు. దాని సంగతంతా ఆ ఇంటి అవ్వ నోట్లో ఉంటుంది. అవ్వతోనే పోతుంది.

మూడేళ్ళ కిందట భోగి ముందురోజు సాయంత్రం మా పక్కవీధిలో పిల్లలు కుప్ప పేరుస్తున్నారు. విరిగిన కుర్చీ కాళ్ళూ తాటాకులూ మధ్య ఎర్రగా ఏదో కనిపించింది. లాగి చూద్దును కదా, ఒకదానికొకటి కొక్కేలతో తగిలించిన మూడు రైలుపెట్టెలు! ఇంజను లేదు. ఏ ఇంటివని వాకబు చేస్తే ఒక అవ్వ అరుగు మీదనుంచి, "మాదేలేమ్మా. ఇంజను పోయినేడే కాల్చేసినారు" అంది.

ఆమె పక్కన కూర్చుని పెట్టెలు ఒళ్ళో పెట్టాను. చక్రాలు తడుముతూ మెల్లగా చెప్పింది. అవి చక్రాలు కావు, కుట్టుమిషను దారం చుట్టి వచ్చే కొయ్య రీళ్ళు. ఆమె రవికెలు కుట్టి ఇల్లు నడిపిన రోజుల్లో ఖాళీ అయిన రీళ్ళన్నీ దాచి, పన్నెండు కాగానే వాళ్ళాయన పెద్దకొడుక్కి ఆ బండి చేశాడట. ఒక రీలు చివర నంబరు కాగితం సగం ఇంకా అంటుకునే ఉంది. ఆమె చెప్పకపోతే నేను దాన్ని చక్రమనే అనుకునేదాన్ని. విన్నదంతా ఆ రాత్రే చీటీ రాసి దారంతో పెట్టెకు కట్టాను. ఆ సంక్రాంతి తర్వాత ఎనిమిది నెలలకు అవ్వ పోయింది. ఆ పెద్దకొడుకు దినాలకు వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చి చీటీ చదివి, పెట్టెలు అడిగి పట్టుకెళ్ళాడు. నేను ఇచ్చేశాను. చీటీ నకలు మాత్రం నా దగ్గరుంది.

కనుక భోగికి ముందు అటక దులిపేటప్పుడు కొయ్యబొమ్మ కనిపిస్తే అత్తగారినో అమ్మనో ఒక్క మాట అడగండి. ఎవరు చేశారు, ఎక్కడ కొన్నారు, ఎవరు ఆడుకున్నారు? నాలుగు ముక్కలు రాసి కట్టేయండి. బొమ్మ మీద పెన్నుతో రాయకండి సుమా!

కొనాలనుకునేవాళ్ళకు ఒక కిటుకు. కొత్తదాన్ని పాతదిగా చూపించి అమ్మడం ఇందులోనూ ఉంది. టీ డికాక్షను పూసి పొగ పట్టిస్తారు. నిజంగా పిల్లలు ఆడిన బండికి అరుగుదల అన్నిచోట్లా ఒకేలా ఉండదు. తాడు కట్టే రంధ్రం ముందువైపుకు కోసుకుపోతుంది. ఇరుసు దూరే రంధ్రం కోడిగుడ్డులా సాగుతుంది. గడపకు కొట్టుకుని ముందు అంచు నలుగుతుంది. ఒళ్ళంతా సమానంగా అరిగిన రైలు కనిపిస్తే దణ్ణం పెట్టి బయటికి రండి.

ఇంటికి తెచ్చాక ముందు అడుగున చూడండి. సన్నని రంధ్రాలు, కింద పిండిలాంటి పొడి ఉంటే పురుగు ఉన్నట్టే. ఎండలో పెట్టారో, లక్క మెత్తబడి పాడవుతుంది. ప్లాస్టిక్ సంచిలో గట్టిగా చుట్టి, బాగా గడ్డకట్టించే ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి. తీశాక బయటి వేడికి వచ్చేదాకా సంచి విప్పవద్దు, చెమ్మ పడుతుంది. మొదటిసారి నేనీ పని చేసినప్పుడు మా అత్తగారు ఫ్రిజ్ తెరిచి, "ఏమే, రైలుకు జ్వరమొచ్చిందా?" అన్నారు.

తుడవడానికి పొడిగుడ్డ చాలు. లక్క స్పిరిటుకు కరుగుతుంది. కరోనా రోజుల్లో మా ఎదురింటావిడ శుభ్రం పేరుతో శానిటైజరు పెట్టి తుడిస్తే రంగంతా గుడ్డకు వచ్చేసింది. వేడినీళ్ళూ పనికిరావు. కొత్త రంగు అసలే వేయించకండి. వేయించాక మీ దగ్గర మిగిలేది కొత్త బొమ్మ.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. పాత ఆయిలుపెయింటు రైలును నోట్లో పెట్టుకునే పసివాళ్ళ చేతికి ఇవ్వకండి. ఆ రంగుల్లో సీసం ఉండవచ్చు. సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నియమం మన దేశంలో 2016లో గాని రాలేదు. పెచ్చులూడుతున్న రైలు అద్దాల బీరువాలోనో, కొలువులో పై మెట్టు మీదో ఉండాలి. ఆడుకోవడానికి సహజమైన రంగులతో చేసిన కొత్తది కొనిపెట్టండి.

మా మనవడికి నేను అలాగే ఏటికొప్పాక రైలు తెప్పించాను. వారం తిరక్కుండా దాని పొగగొట్టం పీకేశాడు. ఏమిరా ఇదంటే, తడ స్టేషనులో ఏ రైలుకూ ఇది లేదు కదవ్వా అన్నాడు. ఆ గొట్టం నా కుట్టుపెట్టెలో ఉంది. వాడు అడిగితే ఇస్తాను.

వార్తలకు వేళైనట్టుంది. సెలవు. నమస్కారం.