టీసీ ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వొద్దు

 

నేను హాస్టల్ వార్డెన్‌ని. కంప్యూటర్ గురించి నాకు తెలిసింది కొంచెమే. కానీ పిల్లల్ని ఎవరితో పంపాలో బాగా తెలుసు. రిజిస్టర్‌లో పేరున్న అమ్మో నాన్నో వచ్చి సంతకం పెడితేనే గేటు తీస్తాం.

వెబ్‌సైటు పేరు, అంటే డొమైన్ సంగతీ అంతే. దాన్ని నమోదు చేసే కంపెనీని రిజిస్ట్రార్ అంటారు. డాట్ కామ్, డాట్ ఆర్గ్ లాంటి పేరును వేరే రిజిస్ట్రార్‌కు మార్చాలంటే ముందు తాళం తీయాలి, తర్వాత ఒక రహస్య కోడ్ ఇవ్వాలి. ఆ కోడే దాని టీసీ. బదిలీ అడిగినప్పుడు యజమాని మెయిల్‌కు కబురు వస్తుంది. ఐదు రోజుల్లో వద్దనకపోతే పేరు వెళ్లిపోతుంది.

మన సంఘం సైటు చేసిన తమ్ముడు పేరును తన సొంత మెయిల్‌తో నమోదు చేశాడు. తర్వాత ఉద్యోగానికి పట్నం వెళ్లాడు, ఫోన్ నంబరు మారింది. మన అవ్వలూ తాతలూ పాడిన పాటలు అందరూ వినేది ఆ చిరునామాలోనే. పాడినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు. ఆ మెయిల్‌ను ఎవరైనా చేజిక్కించుకుంటే? చుట్టాల్ని అడిగి అడిగి, నాలుగు నెలలకు అతన్ని పట్టుకుని పేరు మార్పించాం. తప్పు అతనిది కాదు, అడగని మాది.

బాగా తెలిసినవాళ్లకే ఈ కష్టం వచ్చింది. పర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషకు చెందిన పర్ల్ డాట్ కామ్ పరుల చేతికి పోయిందని 2021 జనవరిలో బయటపడింది. పోరాడితే ఫిబ్రవరిలో తిరిగి వచ్చింది.

అందుకే నాలుగు పనులు చేయండి. పేరు సంఘం మీద, సంఘం మెయిల్‌తో ఉండాలి. బదిలీ తాళం ఎప్పుడూ వేసి ఉంచాలి. మెయిల్‌కూ రిజిస్ట్రార్ ఖాతాకూ పాస్‌వర్డ్‌తో పాటు రెండో తనిఖీ పెట్టాలి. రెన్యూవల్ తేదీ కనీసం ఇద్దరికి తెలియాలి. కోడ్ చెప్పమని ఎవరు ఫోన్ చేసినా చెప్పొద్దు.

ఏజెన్సీలో మన భూమికి 1/70 చట్టం ఉంది. అయినా కాగితాలు చూసుకోనివాళ్ల పొలాలు ఎలా చేతులు మారాయో మీ తాతల్ని అడగండి. డొమైన్‌కు అంతటి చట్టం కూడా లేదు. తాళం మనమే వేసుకోవాలి.

ఈ రాత్రి ఇంటికెళ్లాక ఒక్క పని చేయండి. మీ ఊరి సైటు ఎవరి పేరున ఉందో చూడండి.

జై ఆదివాసీ!