ప్రభుత్వముతో ఒడంబడిక: అధికారి మాటకు గల విలువ

న్యాయవాద వృత్తిలో జీవితము గడపిన పెద్దల స్మృత్యర్థము జరుగు ఈ సభలో, అమెరికా ఫెడరల్ ప్రభుత్వముతో కాంట్రాక్టు చేసికొను వర్తకుని అవస్థను గూర్చి ముచ్చటింపదలచితిని. వర్తకు లిద్దరు వ్రాసికొన్న ఒడంబడికకు కాగితమే ప్రమాణము. ప్రభుత్వము కక్షిదారైనపుడో, ఆ కాగితము వెనుక చట్టములును నియమావళులును నిలిచి, పలికినదానిని త్రోసిపుచ్చగలవు, వ్రాయనిదానిని చేర్పనుగలవు.

1945లో ఐడహో రాష్ట్రపు బానవిల్ కౌంటీలో మెర్రిల్ కుటుంబపు రైతులు 460 ఎకరముల వసంతకాలపు గోధుమకు, ప్రభుత్వ సంస్థయగు ఫెడరల్ పంటల బీమా కార్పొరేషనులో బీమా కోరిరి. అందు 400 ఎకరములు శీతకాలపు గోధుమ వేసిన చేలలోనే తిరిగి విత్తినవని స్థానిక సంఘమువారికి దాపరికము లేక చెప్పిరి. పంట యంతయు బీమాకు తగునని సంఘమువారు పలికి దరఖాస్తును పైకి పంపగా, అది ఆమోదము పొందెను. జూలైలో అనావృష్టి వచ్చి పైరు చాలవరకు మాడిపోయెను. పరిహార మడుగగా, తిరిగి విత్తిన చేలకు బీమా వర్తింపదని ఫెడరల్ రిజిస్టరులో అచ్చయిన నియమమును కార్పొరేషను చూపెను. ఐడహో న్యాయస్థానములు రైతులకే తీర్పిచ్చినను, 1947లో సుప్రీంకోర్టు ఐదుగురు, నలుగురుగా చీలి దానిని కొట్టివేసెను. ప్రభుత్వము తరఫున మాటాడువాని అధికార మెంతవరకో తెలిసికొనుట ఎదుటివాని పూచీ యనియు, రిజిస్టరులో అచ్చయిన నియమము చదువనివానికిని చదివినట్లే లెక్క యనియు జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ వ్రాసిన తీర్పు సారాంశము. ఆ రిజిస్టరు సంపుటములన్నియు చదువ గూర్చున్న రైతునకు విత్తుటకే తీరిక చిక్కదు గనుక బీమాతోనే పని యుండదని జస్టిస్ జాక్సన్ తన భిన్నాభిప్రాయమున చమత్కరించెను. ఖజానాను కాచుటకు మొదటి వాదము తగినదే కావచ్చును. న్యాయము మాత్రము జాక్సన్ పక్షముననే యున్నదని నా తలంపు.

ఇక వ్రాయని షరతు. లూసియానాలోని ఫోర్ట్ పోల్క్ సైనిక స్థావరమున ఇండ్లు కట్టుటకు కుదిరిన కాంట్రాక్టును, స్థావరమును మూయ నిశ్చయించి, సైన్యము రద్దు చేసెను. ప్రభుత్వము తన సౌకర్యార్థము రద్దు చేయవచ్చునను క్లాజు ఆ పత్రమున లేదు. సైనిక కొనుగోళ్ల నియమావళి దానిని తప్పనిసరి చేసినందున ఉన్నట్లే భావింపవలెనని 1963లో కోర్ట్ ఆఫ్ క్లెయిమ్స్ నిర్ణయించెను. చేసిన పనికి ప్రతిఫలము దక్కును. చేయనున్న పనిమీది లాభము దక్కదు.

భారత రాజ్యాంగపు 299వ అధికరణ మెరిగిన మనకు ఇది పూర్తిగా వింత కాదు. రాష్ట్రపతి పేరనో, గవర్నరు పేరనో, అధికారము పొందినవాడు చేయని ఒడంబడిక మన ప్రభుత్వమును సైతము కట్టదు. అయినను, స్వీకరించిన ప్రయోజనమునకు వెల యిప్పించుటకు మన కాంట్రాక్టు చట్టపు 70వ సెక్షను కలదు.

అమెరికాలో గుత్త పట్టినవాడు, పనిచోటనున్న ఇంజనీరు గోడను రెండడుగులు జరుపుమన్నంతనే జరుపరాదు. కాంట్రాక్టింగ్ అధికారి సంతకముతో ఉత్తరువు తీసికొనవలెను. తగవు వచ్చినచో క్లెయిమును ముందుగా ఆ అధికారికే వ్రాసి పెట్టవలెను. అతని నిర్ణయము ప్రతికూలమైనచో, 1978 నాటి కాంట్రాక్టు వివాదముల చట్టము ననుసరించి 90 దినములలో అప్పీళ్ల బోర్డుకో, 12 నెలలలో ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టుకో పోవలెను. గడువు దాటినచో అధికారి నిర్ణయమే ఖాయమగును.