మూడుమార్లు ఓడినవానికి తలుపు మూయవచ్చునా?



ధర్మాసనము ముంగిట నిలుచుటకు ధనమే మొదటి అర్హతయైనచో అది ధర్మాసన మనిపించుకొనదు. పాపరు దావా అను ఏర్పాటు పుట్టినది అందుకే. అమెరికా ఫెడరల్ న్యాయస్థానములలో దీనిని 1892లో శాసనముగా చేసిరి. 1996లో ఆ దారికి, బందీల మట్టుకు, ఒక కంచె వేసిరి. ఆ కంచెను గూర్చియే నేడు మేము విన్నవింపదలచితిమి.

ప్రిజన్ లిటిగేషన్ రిఫార్మ్ ఆక్టుపై అధ్యక్షుడు క్లింటన్ 1996 ఏప్రిల్ 26న సంతకము చేసెను. నాటినుండి పేద ఖైదీకి రుసుము మాఫీ లేదు, వాయిదాయే కలదు. 350 డాలర్లు తీరువరకు అతని నెలసరి రాబడిలో నూటికి ఇరువది వంతున కోసికొందురు. మునుపటి దావాలు మూడు నిస్సారములనియో, దురుద్దేశముతో వేసినవనియో, చట్టరీత్యా నిలువవనియో కొట్టివేయబడినచో వాయిదాయు పోవును. అటుపిమ్మట 405 డాలర్లు ముందే చెల్లింపవలెను. తీవ్రమైన శరీరాపాయము ఆసన్నమైనప్పుడు మాత్రమే మినహాయింపు. ఫెడరల్ చెరసాలలలో సాధారణపు పనికి కూలి గంటకు 12 మొదలు 40 సెంట్లు. హెచ్చు కూలివాడును 350 డాలర్లకై 875 గంటలు చాకిరి చేయవలెను!

ప్రతిపక్షము వాదమును మేము త్రోసిపుచ్చము. 1995లో ఖైదీలు వేసిన పౌరహక్కుల దావాలు సుమారు 40 వేలు. వానిలో పస లేనివి అనేకములు. తాలు గింజల రాశి క్రింద గట్టి గింజయు కానరాదు. కాని తాలని నవ్విన దెల్ల తాలు కాదు. వేరుసెనగ ముద్దకై ఒక ఖైదీ కోర్టు కెక్కెనని నాడు దేశమెల్ల పరిహసించెను. న్యాయమూర్తి జాన్ న్యూమన్ రికార్డు తిరుగవేసి చూడగా, తిప్పి పంపిన డబ్బా వెల రెండున్నర డాలర్లు ఖైదీ ఖాతాలో కోసికొనుటయే అచ్చటి తగవని తేలెను. కలవానికి అది అల్పము. గంటకు సెంట్లు గడించువానికి అది దినముల కూలి.

ఈ కంచె అబద్ధికుని, అజ్ఞానిని వేరుపరచుచున్నదా? లేదు. కొట్టివేతపై అప్పీలు నడచుచున్నను అది లెక్కకు వచ్చునని 2015లోను, మరల వేసికొనుట కవకాశముంచి కొట్టివేసినను లెక్కకు వచ్చునని 2020లోను సుప్రీమ్ కోర్టు తీర్పు చెప్పెను. న్యాయమూర్తులు శాసనమున నున్నదే చదివిరి, దిద్దవలసినది శాసనమునే. వకీలు లేక, దావా వ్రాయు తీరు తెలియక తప్పినవానిని మోసగానితో ఒకే గాట కట్టుట న్యాయము కాదు. దురుద్దేశము రుజువైన దావాలనే లెక్కింపవలెను. ఆ లెక్కకు కాలపరిమితి యుండవలెను. దేహమునకే కాక మతస్వేచ్ఛకును, ఉత్తరముల హక్కునకును భంగము కలిగినప్పుడు సైతము తలుపు తెరువవలెను.

తీహారు చెరసాలలో తోడి ఖైదీని హింసించిరని సునీల్ బాత్రా అను మరణశిక్షితుడు వ్రాసిన ఉత్తరమునే మన సుప్రీమ్ కోర్టు అర్జీగా స్వీకరించి 1979లో తీర్పు చెప్పెను. నాడు రుసుము నడిగియుండినచో ఆ హింస గోడలలోనే అణగిపోయెడిది.

సోదరులారా! బందీకి రాజ్యము స్వేచ్ఛను తీసివేయవచ్చును. మొర పెట్టుకొను నోటిని తీసివేయరాదు.